మీటరు లెక్కపెట్టని గంటలు

సాయంత్రం ఆరున్నర. సూరత్ రింగ్ రోడ్డు మీద, సహారా దర్వాజా దాటాక, మేం కూర్చున్న కారు ఆగి పది నిమిషాలైంది. ముందు చీరల పార్సిళ్లు ఎత్తుగా కట్టిన టెంపో. పక్కన తాకాలు (బట్ట తానులు) పేర్చిన తోపుడుబండిని ఇద్దరు మనుషులు నెడుతున్నారు. వెనక ఆటోవాలా హారన్ మీది నుంచి చెయ్యి తీయడం లేదు. మెట్రో పనుల రేకులు రోడ్డులో ఒక వరసను మింగేశాయి.

స్టీరింగ్ దగ్గర మా బావ. సిరిసిల్ల వైపు నుంచి కుర్రతనంలోనే సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చి, లింబాయత్‌లో స్థిరపడ్డ మనిషి. మొదటిసారి కారు కొందామని బయల్దేరాడు. పన్నెండేళ్ల నాటి పెట్రోల్ సెడాన్, ఫస్ట్ ఓనర్, అడుగుతున్న ధర 2,80,000. వెనక సీట్లోని బ్రోకర్ గంటలో నాలుగోసారి అదే మాట అన్నాడు: "మీటర్ చూడండి సేఠ్, 78 వేలే తిరిగింది."

మీటరు నిజంగానే 78 వేలు చూపిస్తోంది. అద్దాలకు మచ్చ లేదు, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. మర్నాడు బండిని మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయనదీ మన కరీంనగర్ పక్కే. బానెట్ ఎత్తి, మీటరు వంక చూడకుండానే అడిగాడు.

"ఇది యాడ తిరిగిన బండి అన్నా?"

"ఓనర్‌కు రింగ్ రోడ్డు మార్కెట్‌ల దుకాణం ఉన్నదట. ఇంటి నుంచి దుకాణం, దుకాణం నుంచి ఇల్లు" అన్నాడు బావ.

"అయితే మీటర్ జూసి మురిసిపోకుర్రి. ఎంత తిరిగిందో అది జెప్తది. ఎంతసేపు నిలవడ్డదో ఎవరు జెప్తరు?"

పాత కారు గురించి తెలుసుకోవాల్సిన విజ్ఞానంలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. మిగిలిన సగాన్ని బండిలో భాగం తర్వాత భాగం విప్పుతూ చూద్దాం.

ఒకే మీటరు, రెండు వయసులు

ముందు ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల సగటు వేగంతో హైవే మీద నడిచిన కారు 78,000 కిలోమీటర్లు తిరగడానికి 1,300 గంటలు పడుతుంది. గంటకు 12 కిలోమీటర్ల సగటుతో బజారు రోడ్ల మీద ఈడ్చుకుంటూ వెళ్లిన కారుకు అదే దూరం 6,500 గంటలు. రెండు కార్ల మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. ఒక ఇంజిన్ మాత్రం రెండోదానికంటే ఐదు రెట్ల కాలం వేడెక్కి, వణికి, పొగ వదిలింది.

ఇంజిన్ చుట్ల లెక్కలో చూసినా తేడా పెద్దదే. ఐదో గేరులో 80 వేగంతో పోయే చిన్న పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి సుమారు 2,500 చుట్లు తిరుగుతుంది. అంటే కిలోమీటరుకు 1,900 చుట్లకు అటూ ఇటూ. రింగ్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లకు 40 నిమిషాలు పట్టిందనుకుందాం. ఆగుతూ సాగుతూ సగటున నిమిషానికి 1,200 చుట్లు వేసుకున్నా, కిలోమీటరుకు 12,000 చుట్లవుతాయి. ఆరింతల పైమాటే.

ఇది మనకు కొత్త లెక్కేమీ కాదు. పల్లెలో ట్రాక్టరు కొనేవాడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడు, ఎన్ని గంటలు ఆడిందని అడుగుతాడు. ట్రాక్టరులో ఉండేది గంటల మీటరు. ఆయిలు మార్పు, సర్వీసు అన్నీ గంటల ప్రకారమే. చాలు తోలినా, బోరు బండికి ఊతంగా నిలబడ్డా ఇంజిన్ మాత్రం పనిలోనే ఉంటుంది గదా! సాంచె దగ్గరా అంతే. ఎన్ని మీటర్లు నేసిందన్నది కూలి లెక్క, ఎన్ని గంటలు ఆడిందన్నది సాంచె ఆయుష్షు లెక్క. కారుకు మాత్రం మనం కూలి లెక్కతో ఆయుష్షు కట్టేస్తున్నాం.

ఒక జాగ్రత్త అవసరం. నిలబడ్డ ఇంజిన్ మీద బరువు తక్కువ. కాబట్టి 6,500 గంటల బజారు ఇంజిన్, అన్ని గంటలూ హైవే మీద పరుగెత్తిన ఇంజిన్ అంతగా అరిగిపోదు. పిస్టన్ రింగులు, బేరింగులు బాగానే ఉండొచ్చు. అరిగేవి వేరు. ఎక్కడ అరుగుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

నిలబడ్డ బండికి గాలాడదు

పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది పావు వంతుకు అటూ ఇటూ. మిగిలినదంతా వేడి. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత కూలెంట్ మోసుకుపోతుంది. బండి ఆగి ఇంజిన్ ఆడుతుంటే చక్రాలకు చేరేది సున్నా. ఏసీ వేసుకుని నిలబడ్డ చిన్న కారు గంటకు లీటరుకు కాస్త తక్కువ పెట్రోలు తాగుతుంది. ఆ లెక్కన పుట్టే వేడి ఏడు కిలోవాట్ల చిల్లర. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఏడింటిని ఒకేసారి వెలిగించి బానెట్ కింద పెట్టినట్టు.

హైవే మీద ఈ వేడిని ఎదురుగాలి ఉచితంగా తోసుకుపోతుంది. రింగ్ రోడ్డు మీద ఎదురుగాలి ఉండదు, ముందున్న టెంపో పొగ ఉంటుంది. భారమంతా రేడియేటర్ వెనకున్న చిన్న కరెంటు ఫ్యాను మీద పడుతుంది. పైగా రేడియేటర్ ముందే ఏసీ కండెన్సర్ ఉంటుంది. కారు లోపలి నుంచి లాగిన వేడిని అది సరిగ్గా రేడియేటర్ ముఖం మీదికి వదులుతుంది. హైవే బండిలో ఎప్పుడో ఒకసారి తిరిగే ఫ్యాను, బజారు బండిలో రోజుకు గంటలకొద్దీ తిరుగుతుంది. దాని మోటారులోని బొగ్గు బ్రష్షులు మీటరులోని కిలోమీటర్లను పట్టించుకోవు.

ఫ్యాను ఆగిపోతే జరిగేది ఇది. కూలెంట్ మామూలుగా 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని బయటి గాలికంటే సుమారు ఒక బార్ ఎక్కువగా ఉంచుతుంది కాబట్టి 100 దగ్గర మరగాల్సింది 120 దాకా తట్టుకుంటుంది. మన వంటింటి కుక్కర్ సూత్రమే. మూత రబ్బరు ఎండి ఒత్తిడి జారిపోతే ఆ 20 డిగ్రీల భరోసా పోతుంది. రెండు మూడు వందల రూపాయల మూత అది.

కూలెంట్ మరిగిపోతే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, వంగుతుంది. హెడ్డు అల్యూమినియం. కింది దిమ్మె చాలా ఇంజిన్లలో పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే ఇంచుమించు రెండింతలు సాగుతుంది. ఆ రెండింటి మధ్య నలిగేది గ్యాస్కెట్ అనే పలుచని రేకు. హెడ్డు వెంట్రుక మందమంత వంగినా చాలు, అది పట్టు వదిలేస్తుంది. కూలెంట్ సిలిండర్లోకి పోతే తెల్ల పొగ వస్తుంది. ఆయిలులో కలిస్తే ఆయిలు మూత లోపల పాలు ఎక్కువైన చాయ్ రంగు నురుగు కనిపిస్తుంది. "హెడ్డు దించాలె" అని మిస్త్రీ అన్నాడంటే గ్యాస్కెట్, హెడ్డు చదును, మనుషుల కూలి కలిపి 15 వేల నుంచి 30 వేల దాకా లేస్తుంది. దాన్ని ఆపగలిగిన ఫ్యాను మోటారు మూడు నాలుగు వేలు.

మన దేశంలో కూలెంట్‌ను గడ్డకట్టకుండా కాపాడే మందు అనుకుని, "మనకు మంచు పడదు గదా" అని బోరు నీళ్లు పోసేవాళ్లున్నారు. కూలెంట్‌లోని గ్లైకాల్ మరిగే స్థానాన్ని పెంచుతుంది, అందులో కలిపిన రసాయనాలు తుప్పును ఆపుతాయి. బోరు నీళ్లలోని సున్నం టీ గిన్నె అడుగున కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. మేం చూసిన కారులో కూలెంట్ డబ్బాలోని నీళ్లు కాషాయం రంగులో ఉన్నాయి. అది కూలెంట్ రంగు కాదు, తుప్పు రంగు.

వంతెన మీద ఇస్త్రీ పెట్టె

సూరత్‌ను వంతెనల నగరం అంటారు. వంతెన ఎక్కేచోట బండ్లు ఆగితే చాలామంది చేసే పని ఒకటుంది. బ్రేకు వదిలేసి, క్లచ్ సగం వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి బండిని వెనక్కి జారకుండా ఆపుతారు. హాఫ్ క్లచ్ అనే ఈ విద్య చూడ్డానికి నైపుణ్యంలా ఉంటుంది. క్లచ్ ప్లేటుకు మాత్రం అది చితి.

ఎంత వేడి పుడుతుందో చూద్దాం. నలుగురు కూర్చున్న చిన్న సెడాన్ 1,200 కిలోలు ఉంటుంది. వంద మీటర్లకు నాలుగు మీటర్లు లేచే వంతెన మీద అది వెనక్కి జారకుండా ఆపాలంటే చక్రాల దగ్గర దాదాపు 470 న్యూటన్ల బలం కావాలి. మొదటి గేరు నిష్పత్తి గుండా లెక్క వేసుకుంటూ వెనక్కి వస్తే, నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే ఇంజిన్‌కూ కదలని గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు సుమారు ఒక కిలోవాట్ వేడిని మింగుతూ ఉంటుంది. బండి ఒక్క అంగుళమూ కదలలేదు. మీటరు మీద ఒక్క అంకే మారలేదు. క్లచ్ మాత్రం నిమిషం పాటు ఇస్త్రీ పెట్టెలా కాగింది. హ్యాండ్ బ్రేకు వేసుంటే ఆ వేడి సున్నా.

అరిగిన క్లచ్‌ను పట్టుకోవడం సులువు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ మోత లేచి, బండి మాత్రం అంతకు తగ్గట్టు లాగకపోతే ప్లేటు జారుతోందన్నమాట. క్లచ్ సెట్ మార్చాలంటే గేరుబాక్సు దించాలి. ఈ తరగతి కారుకు కూలితో కలిపి 8 వేల నుంచి 14 వేలు.

నిలబడ్డ బండి ఇంకొక దాన్నీ తింటుంది. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు, ఇంజిన్ మౌంటింగులు. వేగంగా తిరిగే ఇంజిన్ నున్నగా ఆడుతుంది. ఐడిలింగ్‌లో ఒక్కో పేలుడు విడిగా తెలుస్తుంది, ఆ కుదుపంతా రబ్బరు మీదే. సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణికి, బండి కదలగానే వణుకు మాయమైతే మొదటి అనుమానం మౌంటింగుల మీదే పెట్టుకోవాలి. మూడూ మార్చితే 4 వేల నుంచి 8 వేలు.

ఇనుము కంటే ముందు రబ్బరు

పాత కారంటే అరిగిన ఇనుము అని మన ఊహ. నిజానికి పన్నెండేళ్ల కారులో ఇనుము ఇంకా యవ్వనంలోనే ఉంటుంది. ముసలిదయ్యేది రబ్బరు.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది జిగట వదిలి గట్టిపడి, సాగే గుణం నిలుపుకుంటుందని కనుక్కున్నాడు. రబ్బరు పొడవాటి అణుమాలల గుంపు. గంధకం ఆ మాలల మధ్య అక్కడక్కడ ముడి వేస్తుంది. ముడులు తక్కువైతే బంక, మితంగా ఉంటే రబ్బరు, ఎక్కువైతే కట్టె. బానెట్ కింద వేడిలో ఏళ్ల తరబడి ఉన్న రబ్బరులో గాలిలోని ఆక్సిజన్ కొత్త ముడులు వేస్తూ, పాత మాలలు తెంపుతూ పోతుంది. మెత్తటి గొట్టం కొన్నేళ్లకు గట్టి కర్రలా మారేది ఇందుకే.

ఈ మార్పు ఎంత త్వరగా జరుగుతుంది? స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ 1889లో రసాయన చర్యల వేగానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని సూత్రంగా రాశాడు. దాని నుంచి ఇంజనీర్లు తీసుకున్న మోటు లెక్క ఒకటుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు చర్య వేగం సుమారు రెండింతలవుతుంది, అంటే వస్తువు ఆయుష్షు సగానికి పడుతుంది. కచ్చితమైన సూత్రం కాదు గాని చేతికర్రలా పనికొస్తుంది. హైవే గాలికి 70 డిగ్రీల దగ్గరుండే గొట్టం, బజారులో ఆగి ఆగి 90 దగ్గర ఉడికితే దాని ఆయుష్షు నాలుగో వంతుకు దిగుతుంది.

అందుకే మిస్త్రీ మొదట చేసిన పని చల్లగా ఉన్న రేడియేటర్ గొట్టాన్ని వేళ్లతో నొక్కడం. మెత్తగా నొక్కుకుని తిరిగి లేస్తే మంచిది. చిటపటమంటూ పగుళ్లు కనిపిస్తే మార్చాలి. తర్వాత బండి కిందికి దూరి ముందు చక్రాల లోపలివైపు చూశాడు. అక్కడ యాక్సిల్ కీలు మీద అకార్డియన్ మడతల్లాంటి రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్నే యాక్సిల్ బూటు అంటారు. కుడివైపు బూటు చీలి, చక్రం లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది.

బూటు వెయ్యి రూపాయల పని. చీలిన బూటుతో వానాకాలం తిరిగితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి పోతాయి. కొన్ని నెలల్లో కీలులోని ఉక్కు గుండ్లకు గుంటలు పడతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టక్ టక్ టక్ మని చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చాక బూటు మార్చి లాభం లేదు, యాక్సిలే మార్చాలి. ఒక వైపుకు 5 వేల నుంచి 10 వేలు. గుంటల్లో పడ్డప్పుడు లొడలొడమనే లింక్ రాడ్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, ఆయిలు కారే షాకబ్జర్లు, ఇవన్నీ ఇదే రబ్బరు కథకు కొనసాగింపు. ముందువైపు సస్పెన్షన్ మొత్తం కొత్తగా చేయిస్తే 12 వేల నుంచి 20 వేలు.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో దీనికి తట్టుకునే సామగ్రి వాడుతున్నారు. అంతకు ముందు కార్లలో ఇంధనం గొట్టాలు, సీళ్లు ఏడాదికోసారి చూపించుకోవడం మేలు. పెట్రోలు వాసన వస్తే వాయిదా వేయకూడదు.

తేమ పీల్చే మరో ద్రవం బ్రేకు ఆయిలు. కొత్త డాట్ 3 రకం ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్నాక అదే 140 దగ్గర మరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకుల్లో ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. అరేబియా సముద్రపు తేమగాలి వీచే సూరత్‌లో బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చడం ప్రాణానికి సంబంధించిన సంగతి. ఖర్చు వెయ్యి లోపే.

లీటరు పెట్రోలు, లీటరు నీళ్లు

నమ్మబుద్ధి కాని లెక్క ఒకటి. లీటరు పెట్రోలు కాలిస్తే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. దాని బరువులో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చిన ఆక్సిజనే. గుజరాత్‌లో ఎక్కడ చూసినా కనిపించే సీఎన్‌జీ కార్లలో ఇంకా ఎక్కువ. కిలో గ్యాసుకు రెండుంపావు కిలోల నీళ్లు. పొద్దున్నే స్టార్ట్ చేసిన కారు సైలెన్సర్ నుంచి చుక్కలు పడితే భయపడాల్సిన పనిలేదన్నమాట.

హైవే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కి ఈ నీరంతా ఆవిరై పోతుంది. మూడు కిలోమీటర్ల దుకాణానికి వెళ్లి ఆగే బండిలో సైలెన్సర్ చివరి డబ్బా వేడెక్కేలోపే ఇంజిన్ ఆగుతుంది. నీళ్లు లోపలే నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి, రేకును లోపలి నుంచి తింటాయి. పైకి నిగనిగలాడే సైలెన్సర్ ఒకరోజు గుంటలో తగిలి బిస్కెట్‌లా విరుగుతుంది. మార్చాలంటే 4 వేల నుంచి 8 వేలు.

ఇంజిన్ ఆయిలుకూ ఇదే గతి. రింగుల సందుల్లోంచి జారిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఆయిలులో కలుస్తాయి. ఆయిలు బాగా కాగితే అవి ఎగిరిపోతాయి. చిన్న ప్రయాణాల్లో ఆ అవకాశం దొరకదు, ఆయిలు పలచబడి మడ్డి కడుతుంది. కంపెనీ పుస్తకాలు "కఠిన పరిస్థితుల్లో నడిపే బండికి ఆయిలు త్వరగా మార్చండి" అని రాస్తాయి. కఠిన పరిస్థితి అంటే మనకు లద్దాఖ్ గుర్తొస్తుంది. ఆ జాబితాలో ఆగి సాగే బజారు ప్రయాణాలూ ఉంటాయి. రింగ్ రోడ్డు బండికి పదివేల కిలోమీటర్ల దాకా ఆగకుండా, ఐదారు వేలకో, ఆరు నెలలకో ఆయిలు మార్చడం తెలివి.

బ్యాటరీది మరో రకం బాధ. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది, తక్కువ కరెంటు ఇస్తుంది. ఫ్యాను, ఏసీ బ్లోయరు, హెడ్‌లైట్లు అప్పుడే ఎక్కువ అడుగుతాయి. రాబడి కంటే ఖర్చెక్కువైన ఇల్లులా బ్యాటరీ రోజూ కాస్త కాస్త దిగుతూ ఉంటుంది, పైన బానెట్ వేడి. కొత్త బ్యాటరీ 4 వేల నుంచి 6 వేలు.

ఖాడీ పొంగినప్పుడు

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది పొంగి సూరత్ నగరంలో ఎక్కువ భాగం మునిగింది. అంతటి వరద ఎప్పుడో గాని రాదు. లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఉండేవాళ్లకు అంతకంటే పరిచయమైన శత్రువు ఖాడీ. గట్టి వాన పడితే నగరం మధ్య పారే ఈ వాగులు వీధుల్లోకి ఎక్కుతాయి. ఆ నీళ్లలో మునిగిన కారు ఎండి, కడిగించుకుని, సెంటు కొట్టుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తుంది.

నీళ్లలో నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. పెట్రోల్ ఇంజిన్ గాలిని పదో వంతుకు నొక్కుతుంది. గాలి నలుగుతుంది కాబట్టి ఇంజిన్ బతుకుతోంది. సిలిండర్లో నీళ్లుంటే అవి నలగవు, పిస్టన్‌కూ క్రాంక్‌కూ మధ్యనున్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండిని తోసి ఒడ్డుకు చేర్చి, షెడ్డుకు లాగించుకోవడమే దారి. ఇంజిన్ విప్పే దశకు వస్తే 45 వేల నుంచి 80 వేల దాకా పోవచ్చు. పాత కారుకు అది విలువలో మూడో వంతు దాకా.

మునిగిన బండిని పట్టుకోవడానికి మిస్త్రీ చూపించిన గుర్తులు నాలుగు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. కడిగినవాళ్లు లోపలి చుట్టను మరిచిపోతారు, అక్కడ బురద గీత మిగులుతుంది. సీట్ల కింద పట్టాలకున్న బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. డిక్కీలో స్టెప్నీ కిందున్న గుంటను తడమాలి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీసి వాసన చూడాలి. సెంటు గంట ఉంటుంది, బూజు ఏళ్లుంటుంది.

వరద తగలకపోయినా సముద్రపు గాలి ఉంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఉప్పు ఆ నీటిలో విద్యుత్తు సులువుగా పారేలా చేసి చర్యను తొందరపెడుతుంది. తలుపుల కింది అంచులు, చక్రాల పైకమ్మీలు, కార్పెట్ కింది నేల చూడాలి. పెయింటు కింద పొక్కు కనిపిస్తే లోపల తుప్పు అంతకంటే వెడల్పుగా ఉంటుంది. ఇంజిన్‌కు విడిభాగాలు దొరుకుతాయి, కుళ్లిన బాడీకి దొరకవు. పైన చెప్పిన రోగాల్లో ఏ ఒక్కటి చూసీ బండి వద్దనక్కర్లేదు. ఈ రోగం నేలదాకా పాకితే మాత్రం వద్దనాలి.

ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది

బిల్లు చూసినప్పుడు మనం వస్తువు ధర చూస్తాం. పాత కారు బిల్లులో అసలు భారం వస్తువుది కాదు, దాన్ని చేరే దారిది. ఏసీ కూలింగ్ కాయిల్ మూడు నాలుగు వేల వస్తువు. అది డ్యాష్‌బోర్డు వెనక కూర్చుని ఉంటుంది. దాన్ని చేరడానికి డ్యాష్‌బోర్డు విప్పాలి, గ్యాసు మళ్లీ నింపాలి. చివరికి 8 వేల నుంచి 12 వేలు. క్లచ్ కోసం గేరుబాక్సు దించినప్పుడు దాని వెనకున్న ఆయిలు సీలు కొన్ని వందలు. ఆరోజు మార్చకపోతే, అది కారడం మొదలయ్యాక మళ్లీ గేరుబాక్సు దించే కూలి కట్టాలి. "ఎట్లాగూ ఇప్పినం గదా" అనే మాట మిస్త్రీ నోట వింటే మనం జేబు పట్టుకుంటాం. దాచిన చోటున్న చవక వస్తువుల విషయంలో ఆ మాట నిజం. పైనే ఉండే ఖరీదు వస్తువుల విషయంలో మాత్రం నమ్మక్కర్లేదు, చెడినప్పుడే మార్చుకోవచ్చు.

కాగితాల ఖర్చూ కలుపుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుమును కారుకు 5,000 రూపాయలు చేశారు. పన్నెండేళ్ల కారు కొన్నవాడి ముంగిట్లోకి ఆ తేదీ మూడేళ్లలో వచ్చేస్తుంది. సీఎన్‌జీ బండైతే సిలిండర్ పరీక్ష మూడేళ్లకోసారి. సూరత్ నంబరున్న జీజే 05 బండిని ఎప్పటికీ సొంతూళ్లోనే ఉంచేద్దామనుకుంటే ఎన్‌వోసీ, తెలంగాణ పన్ను కూడా లెక్కలోకి వస్తాయి. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగా ఉన్నా రబ్బరు వయసు ఐదారేళ్లు దాటితే నాలుగు టైర్లకు 14 వేల నుంచి 20 వేలు పక్కన పెట్టుకోవాలి.

ఇక్కడ చెప్పిన ధరలన్నీ బయటి షెడ్డుల్లో చిన్న పెట్రోల్ సెడాన్‌కు సుమారుగా అయ్యేవి. షోరూములో ఇంకా ఎక్కువవుతాయి, మోడలును బట్టి మారతాయి. అంకెల కంటే వాటి మధ్య నిష్పత్తి గుర్తుంచుకోదగ్గది. మూతకూ హెడ్డుకూ, బూటుకూ యాక్సిల్‌కూ మధ్య తేడా ఐదింతల నుంచి వంద రెట్లు. ఆ రెండింటి మధ్య ఉండేది కొన్ని నెలల నిర్లక్ష్యం.

బావ ఆ కారు కొన్నాడు. నేల గట్టిగా ఉంది, ఆయిలు మూత శుభ్రంగా ఉంది, సీటు బెల్టు మీద బురద గీత లేదు. మిస్త్రీ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిన జాబితా ఇది. ఫ్యాను మోటారు 3,500. గొట్టాలు, కూలెంట్, మూత 2,500. క్లచ్ 11,000. మౌంటింగులు 5,500. కుడి బూటు 1,000. బ్రేకు ఆయిలు 800. బ్యాటరీ 4,700. మొత్తం 29,000. బావ ఆ అట్టను బ్రోకర్ ముందు పెట్టాడు. చాయ్‌లు రెండు రౌండ్లయ్యాక బేరం 2,50,000కు తెగింది. అంటే బాగుచేయించిన బండి, చేయించని బండికి అడిగిన ధర కంటే వెయ్యి తక్కువకు వచ్చింది.

దసరాకు బావ వాళ్లు ఆ కారులోనే ఊరెళ్లారు. ధూళే మీదుగా, పిల్లలతో, చీరల మూటతో, తొమ్మిది వందల కిలోమీటర్లకు పైబడిన దారి. రెండు రోజుల్లో బండి మీటరు మీద చేరిన ఆ దూరం, దుకాణం ఓనర్ చేతిలో దాదాపు రెండు నెలల తిరుగుడు. ఊళ్లో బంధువొకాయన అప్పుడే సెకండ్ హ్యాండ్ కారు కొని ఇంటి ముందు నిలిపాడు. "నలభై వేలే తిరిగింది బావా" అని తాళాలు చేతికిచ్చాడు. మా బావ తాళాలు జేబులో వేసుకుని, బానెట్ ఎత్తి, రేడియేటర్ పైగొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి చూస్తూ అడిగాడు.

"యాడ తిరిగింది?"